పండగలో కనిపించిన మనిషి, వరదలో ఉండే మనిషి

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నాకు 40 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తున్నాను. మా ఆయన 2021లో కరోనా రెండో వేవ్‌లో పోయారు. పాపకి పదకొండేళ్ళు. నా పుట్టిల్లు పి.గన్నవరం దగ్గర. నాన్న లేరు, అమ్మ, అన్నయ్య ఉన్నారు. ఆయన పోయాక మొదటిసారి ఈ సంక్రాంతికి ఊరొచ్చాను. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో అతను కనిపించాడు.

డిగ్రీ అమలాపురంలో కలిసి చదివాం. మూడేళ్ళు ప్రేమించుకున్నాం. అతనిది మా ఊరికి ఎదురుగా గోదావరి మధ్యలో ఉన్న లంక. మా వాళ్ళూ వాళ్ళూ ఒకటి కాదు. 2006లో నాకు సంబంధాలు చూస్తుంటే, వరద తీసిన పది రోజులకి, అన్నవరం వెళ్ళి పెళ్ళి చేసుకుందామనుకున్నాం. తెల్లవారుజామున రావులపాలెం బస్టాండుకి రమ్మన్నాను. రాలేదు. పదింటి దాకా చూసి ఇంటికి వచ్చేశాను. అప్పట్లో పరిస్థితులు అలా ఉన్నాయి. మూడు నెలలకి నా పెళ్ళయిపోయింది.

తీర్థంలో పాపకి జీళ్ళు కొనిపెట్టాడు. అది అతన్ని ‘జీళ్ళ మావయ్య’ అంటోంది. ముక్కనుమ నాడు పాపని అమ్మ దగ్గర వదిలేసి, పిన్ని కూతురితో అంతర్వేది వెళ్తున్నానని చెప్పి, అతని బండి మీద వెళ్ళాను. దర్శనం అయ్యాక అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర చాలాసేపు కూర్చున్నాం. వచ్చేటప్పుడు సఖినేటిపల్లిలో, పనేమీ లేకపోయినా గోదావరి దాటించే పంటెక్కి నరసాపురం వెళ్ళి, టీ తాగి, మళ్ళీ పంటు మీదే తిరిగొచ్చాం. పంటు మీద నా చెయ్యి పట్టుకున్నాడు. మధ్యలో ఇరవై ఏళ్ళు లేనట్టే అనిపించింది.

అతనికి పెళ్ళయింది, ఏడేళ్ళ క్రితం విడిపోయారు. పిల్లల్లేరు. తల్లితో ఉంటూ కొబ్బరి, అరటి చూసుకుంటున్నాడు. ‘ఉగాదికి పెద్దవాళ్ళతో మాట్లాడేద్దాం, వచ్చెయ్’ అంటున్నాడు. రాజమండ్రిలో రైలెక్కిన దగ్గర్నుంచి నా మనసు నా దగ్గర లేదు. ఇది ప్రేమా, పండగ మాయా? ఉద్యోగం మానేసి వెళ్ళిపోనా? పాపకి ఏం చెప్పను? మళ్ళీ పెళ్ళంటే మా అత్తగారితో, మా ఆయన ఫ్లాటుతో గొడవలొస్తాయా?

– పంటు దిగలేని మనిషి

జవాబు:

అమ్మా,

‘మీరు’ అని మొదలుపెట్టి రెండు వాక్యాలు రాసి కొట్టేశాను. మా పెద్దమ్మాయి నీకంటే రెండేళ్ళు పెద్దది. నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

ముందు నాకు నవ్వొచ్చిన సంగతి చెప్పేస్తాను. ఇరవై ఏళ్ళకి కలిసిన ప్రేమికులు మనసు విప్పి మాట్లాడుకోడానికి కూర్చున్న చోటు పేరు అన్నాచెల్లెళ్ళ గట్టు. కూతురేమో అతన్ని మావయ్యని చేసేసింది. మన వైపు అమ్మ ఊళ్ళో కనిపించిన మగాడల్లా మావయ్యే, పాప తప్పేం లేదు. కానీ ఆ నేలా ఆ పిల్లా కలిసి మీ ఇద్దర్నీ అన్నాచెల్లెళ్ళని చేసేదాకా ఊరుకునేట్టు లేరు. ఇది చదివి నువ్వు కూడా ఒకసారి నవ్వు. ఉత్తరం నిండా కన్నీళ్ళే ఉన్నాయి.

ఇక్కడ అచ్చువేసింది నువ్వు రాసినదాంట్లో పావు వంతు. అసలు ఉత్తరం నాలుగు పేజీలు. అందులో పంటు గురించే ఒక పేజీ. ఇంజను చప్పుడు, పక్కన కోళ్ళ బుట్ట పెట్టుకుని కూర్చున్న ముసలాయన, నీ కొంగు రెయిలింగుకి తగులుకోవడం, అతను తీసిపెట్టడం, అన్నీ రాశావు. చదువుతుంటే నేనూ ఎక్కినట్టే ఉంది. అదే ఉత్తరంలో రావులపాలెం బస్టాండుకి దక్కింది మూడు లైన్లు. దాని చివర ‘అప్పట్లో పరిస్థితులు అలా ఉన్నాయి’ అని ముగించేశావు. ముప్పై ఏళ్ళు పంతులమ్మగా చేశాను, ఎర్ర పెన్ను అలవాటు ఇంకా పోలేదు. ఆ వాక్యం కింద గీత గీశాను. పరిస్థితులు ఎలా ఉన్నాయి? ఎవరి పరిస్థితులు? మూడు రోజులు అతనితో తిరిగావు కదా, ‘ఆ రోజు ఎందుకు రాలేదు’ అని అడిగినట్టు నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. అతను తనంతట తాను చెప్పినట్టూ లేదు.

నీ ప్రశ్నలన్నిటికంటే ముందు ఇది తేలాలి.

వరద తీసిన పది రోజులకి అని రాశావు. 2006 ఆగస్టు వరద నాకు బాగా గుర్తు. ధవళేశ్వరం దగ్గర 28 లక్షల క్యూసెక్కులు దాటి వెళ్ళింది. 1986 తర్వాత మనవాళ్ళు అంత నీరు చూడలేదు. నేను పనిచేసే స్కూలుని పునరావాస కేంద్రం చేశారు. ఎనిమిదో తరగతి వరండాలో రెండు గేదెలు, ఒక దూడ. బెంచీల మీద బియ్యం మూటలు. ఒక కుర్రాడు తన డిగ్రీ సర్టిఫికెట్లు యూరియా సంచిలో చుట్టి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. మూడు రోజులు పడుకున్నప్పుడు కూడా ఆ సంచి తల కిందే. నీ అతను కాదులే, వేరే లంక వాళ్ళు. నీరు తీశాక ఆ కుర్రాడి ఇంటికి నోటు పుస్తకాలు, దుప్పట్లు పట్టుకుని వెళ్ళాం. గోడ మీద నా భుజం ఎత్తున నీటి గీత. లోపల మోకాలి లోతు ఒండ్రు. వాళ్ళమ్మ పళ్ళెంతో ఎత్తి బయట పోస్తోంది. పార పట్టదు ఆ గదిలో.

నువ్వు పుట్టింది ఏటిగట్టుకి ఇవతల. అతను పుట్టింది అవతల. వరద అంటే నీకు గట్టెక్కి చూసే నీరు, మహా అయితే కాలేజీకి సెలవు. నిన్ను తప్పు పట్టడం లేదు, నేనూ గట్టుకి ఇవతల పుట్టినదాన్నే. కానీ నీరు తీసిన పది రోజులకి అంటే లంకలో ఇంకా పశువులకి గడ్డి లేదు, అరటితోట మొత్తం నేల మీద ఉంది, ఇంట్లో ఒండ్రు ఎత్తడం అవ్వలేదు. ఆ వారంలో ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి ‘రేపు తెల్లారి రావులపాలెం వచ్చెయ్, అన్నవరం వెళ్ళిపోదాం’ అన్నావు. నీకు సంబంధాలు ముంచుకొస్తున్నాయి, నీ తొందర నీది. అతను ఒండ్రులో నిలబడి ఆ మాట విన్నాడు.

అతని తరఫున వకాల్తా తీసుకున్నానని అనుకోకు. ఆ రోజు రాలేకపోయాడు సరే, తర్వాత నీ పెళ్ళికి మూడు నెలలుంది. ఒక కబురు పంపలేడా? పడవవాడి చేత ఒక చీటీ? అది కూడా చెయ్యలేదంటే భయపడి ఉండచ్చు. లేదా వాళ్ళ నాన్న కాళ్ళు పట్టుకుని ఉండచ్చు. ఇంకొకటి ఉంది, రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. మీ వాళ్ళూ వాళ్ళూ ఒకటి కాదన్నావు. కులాల పేర్లు రాయలేదు, అక్కర్లేదు, కోనసీమలో పుట్టిన ఎవరికైనా అర్థమవుతుంది. బహుశా మీ ఇంట్లోవాళ్ళే ఎవరో ఆ ముందు రోజు రేవు దాటి లంకకి వెళ్ళి ఉంటే? నువ్వు పదింటికి ఇంటికి తిరిగొచ్చేసరికి ఎవరూ ‘పొద్దున్నే ఎక్కడికెళ్ళావు’ అని అడగలేదని రాశావు. ఆ లైను నువ్వు మామూలుగా రాసేశావు. నేను అక్కడ ఆగిపోయాను. పెళ్ళీడు పిల్ల తెల్లవారకుండా వెళ్ళి పదింటికి వస్తే అడగని ఇల్లు మన వైపు ఉందా?

నేను అనుకుంటున్నది తప్పే కావచ్చు. కానీ నువ్వు ఇన్నేళ్ళూ, మొన్న ఆ మూడు రోజులూ అడగకపోవడానికి కారణం అతని మీద జాలి కాదేమోనని నా అనుమానం. జవాబు మీ ఇంట్లోంచి వస్తుందేమోనని నీకూ లోపల ఎక్కడో భయం ఉంది. నాన్నగారు లేరు, ఆయన్ని అడగలేవు. అన్నయ్య ఉన్నాడు. ఆ జవాబు విన్నాక అన్నయ్యతో కలిసి భోజనానికి కూర్చోగలవా అన్నది కూడా ముందే ఆలోచించుకుని అడుగు. అడగడం మాత్రం మానకు. అది అడగకుండా పెళ్ళి చేసుకుంటే, కూర మాడిన ప్రతిసారీ మీ ఇద్దరి మధ్యా రావులపాలెం బస్టాండు వచ్చి కూర్చుంటుంది.

అతను చెప్పే కథ నీ కథలా ఉండదు, దానికి సిద్ధపడు. నా సంగతే చెప్తాను. 2015 గోదావరి పుష్కరాలకి మా ఆయనా నేనూ కోటిపల్లి వెళ్ళాం. రేవులో స్నానం చేసి తడిబట్టలతో మెట్లెక్కుతుంటే ఒకాయన ఎదురుపడ్డాడు. నా ట్రైనింగ్ రోజుల్లో నా వెనకాల తిరిగినవాడు. తిరిగినవాడు అంటున్నాను గానీ నాకూ ఇష్టమే. నోరు తెరిచి అడుగుతాడని ఏడాది చూశాను. అడగలేదు. ఇంట్లో చూసిన సంబంధం చేసుకున్నాను. ముప్పై ఏళ్ళ పైగా నా మనసులో ఆయన ‘నోరు లేని మనిషి’. ఆ రోజు, మా ఆయన చెంబులో నీళ్ళు పట్టుకోడానికి మళ్ళీ కిందికి దిగినప్పుడు, నేను నవ్వుతూ అన్నాను, ‘మీరు ఒక్క మాట అడిగి ఉంటే’ అని. ఆయన తెల్లబోయాడు. ‘ఆయ్, మీరే కదండీ వద్దన్నారు’ అన్నాడు. నా స్నేహితురాలి చేత ఉత్తరం పంపాడట, వద్దని జవాబు వచ్చిందట. నేను ఆ ఉత్తరం చూడలేదు. ఆ స్నేహితురాలు ఇప్పుడు లేదు. మా ఆయన చెంబుతో పైకొచ్చి ‘ఎవరే’ అంటే ‘పాత స్నేహితులు’ అన్నాను. ఇంటికొచ్చాక మొత్తం చెప్పాను, ఆయన ఇప్పటికీ నన్ను ఉడికిస్తుంటారు. ఆ రోజు ఆయన ఎదురు పడకపోతే నేను చచ్చేదాకా ఆ మనిషిని పిరికివాడిగానే లెక్క కట్టేదాన్ని, ఆయనేమో నన్ను పొగరుబోతుగా.

సరే, పండగ మాయా అని అడిగావు. మాయే. అందులో తప్పేముంది? పండగ నాలుగు రోజులూ కోనసీమ మొత్తం మంచి బట్టలు కట్టుకుని నిలబడుతుంది. ఊరు విడిచి వెళ్ళినవాళ్ళందరూ వస్తారు, కొబ్బరి ధర పడిపోయిందని ఎవరూ ఏడవరు. జగ్గన్నతోట సంగతి నీకు నేను చెప్పాలా? గుడి లేని చోట, ఒక కొబ్బరితోటలో, పదకొండు ఊళ్ళ రుద్రులు వచ్చి కొలువవుతారు. గంగలకుర్రు అగ్రహారం ప్రభ, అదే దేవుణ్ణి నిలిపి జనం భుజాల మీద మోసుకొచ్చే ఆ ఎత్తైన వెదురు కట్టడం, కౌశిక ఏట్లో దిగి, మోసేవాళ్ళ గుండెల దాకా నీళ్ళొచ్చినా ఒరగకుండా గట్టెక్కుతుంటే ‘అశరభ శరభ’ అని ఆ కేకలు వింటూ ఎవరి పక్కన నిలబడ్డా ఒళ్ళు గగుర్పొడుస్తుంది. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా చూపించింది ఈ ప్రభల తీర్థాన్నే. అలాంటి చోట, ఇరవై ఏళ్ళ తర్వాత, అతను నీ కూతురి చేతిలో జీళ్ళ పొట్లం పెట్టాడు. మనసు నిలబడితేనే ఆశ్చర్యపోవాలి.

కానీ ఆ తీర్థానిదే ఇంకొక ముక్క చెప్తాను. మా బాబాయికి ప్రభలు వెళ్ళే దారిలో అరెకరం చేను ఉండేది. అప్పుడే దాళ్వా, అంటే రెండో పంట వరి, నాట్లు పడి ఉంటాయి. ప్రభ మోసేవాళ్ళు, వెనక జనం, అందరూ ఆ నాట్లలోంచే వెళ్తారు. రైతు ఒక్క మాట అనడు, ప్రభ వెళ్ళిన చేను పండుతుందని నమ్మకం. మా బాబాయి అయితే చేతులు జోడించి నిలబడేవాడు. చిన్నప్పుడు ఒక ఏడు, పండగైన మూడో రోజు నేను ఆ చేలోకి వెళ్ళాను. బాబాయి, పిన్ని ఇద్దరే ఉన్నారు. బాజాలు లేవు, జనం లేరు. మిగులు నారు ఎక్కడో అడిగి తెచ్చుకుని, తొక్కుడు పడ్డ చోటల్లా వంగి కుక్కుకుంటూ పోతున్నారు. పిన్ని అరికాల్లో సోడా సీసా పెంకు దిగింది. బాబాయి ఆవిడ కాలు తన మోకాలి మీద పెట్టుకుని, బురద కడిగి, పెంకు లాగి, తలపాగా చింపి కట్టాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. మళ్ళీ వంగారు.

నీ అతన్ని నువ్వు తీర్థం రోజున చూశావు. మూడో రోజున చూడలేదు. అతనూ నిన్ను చూడలేదమ్మా. పట్టుచీర కట్టుకుని సెలవు మీద వచ్చిన నిన్ను చూశాడు. నెలాఖరులో టార్గెట్ల టెన్షన్‌తో రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చి, పాప హోంవర్కు మీద కసురుకునే నిన్ను చూడలేదు.

అందుకని ఉగాది మాట పక్కన పెట్టు. ఉగాదికీ సంక్రాంతికీ మధ్య పట్టుమని మూడు నెలలు లేవు. పైగా అదీ పండగే. ఉద్యోగం మానెయ్యకు, ఇందులో నా దగ్గర రెండో మాట లేదు. ఇంకో సంగతి చూశావా, నీ ఉత్తరంలో ఎవరైనా కదిలితే నువ్వే కదులుతున్నావు. ‘వచ్చెయ్’ అన్నాడు. ‘రానా’ అని అతను అడిగినట్టు లేదు. అతను రాలేకపోవచ్చు. రెండు నెలలకోసారి కొబ్బరికాయల దింపు ఉంటుంది, అరటి ఉంది, తల్లి ఉంది, తోట వదిలేసి కూకట్‌పల్లిలో కూర్చుని ఏం చేస్తాడు? అదంతా నిజమే. అయినా ఒక మనిషి రాలేనని తెలిసి కూడా ఆ సంగతి మాట్లాడటం వేరు, అసలు ఆ ఆలోచనే తట్టకపోవడం వేరు. ఒక శని ఆదివారాలు అతన్ని హైదరాబాద్ రమ్మను. హోటల్లో దిగుతాడు, తప్పేం లేదు. నీ వీధి, నీ బస్సు, నువ్వు కూరలు కొనే బండి చూడమను. వస్తాడో, ‘ఇప్పుడు దింపులో ఉన్నాను, తర్వాత చూద్దాం’ అంటాడో, అదీ ఒక జవాబే. మీ బ్యాంకుకి అమలాపురంలోనో రాజమండ్రిలోనో బ్రాంచి ఉంటే బదిలీ దొరుకుతుందేమో ఊరికే కనుక్కుని ఉంచు. ఎవరికీ చెప్పక్కర్లేదు.

నిన్ను కొంచెం కోప్పడాల్సింది కూడా ఉంది. పిన్ని కూతురితో అంతర్వేది అన్నావు. ఇరవై ఏళ్ళప్పుడు చెప్పిన అబద్ధాలే నలభైలో చెప్పావు. అది చదివితే నాకు కోపం కంటే ముచ్చటే ఎక్కువ వేసింది, నిజం చెప్పాలంటే. కానీ అప్పుడు నిన్ను పట్టుకోడానికి ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రమే ఉండేవారు. ఇప్పుడు పదకొండేళ్ళ పిల్ల ఉంది, దానికి ఫోను చూడటం వచ్చు. అది పట్టుకునే లోపల మీ అమ్మగారికి చెప్పెయ్. అన్నయ్యకి కాదు, ముందు అమ్మకి. ఆవిడ ఏడుస్తుంది, రెండు రోజులు మాట్లాడదు, మూడో రోజు ‘వాళ్ళమ్మ ఆరోగ్యం ఎలా ఉంది’ అని అడుగుతుంది. లంకలో ఎవరింట్లో ఏం జరుగుతోందో ఆవిడకి నీకంటే ఎక్కువ తెలుసు. రావులపాలెం సంగతి కూడా తెలిసి ఉండచ్చు.

పాపకి ఇప్పుడే ఏమీ చెప్పకు. ‘జీళ్ళ మావయ్య’ అలాగే ఉండనీ. ఆరేళ్ళ వయసులో తండ్రిని పోగొట్టుకున్న పిల్లకి ఇంకో మనిషిని పరిచయం చేసి, నాలుగు నెలలకి ఆ మనిషి కనబడకపోతే అది రెండో దెబ్బ. నీకు స్పష్టత వచ్చాక చెప్పు. చెప్పేటప్పుడు ‘నువ్వు ఒప్పుకుంటేనే చేసుకుంటాను’ అనకు. చాలామంది తల్లులు ఆ మాట ప్రేమగా అంటారు, కానీ దాంతో పెళ్ళి మొత్తం ఎత్తి పిల్ల నెత్తిన పెట్టినట్టే. రేపు మీరిద్దరూ పోట్లాడుకుంటే అది తనని తాను తిట్టుకుంటుంది. నీకు ఏమనిపిస్తోందో చెప్పు, స్కూలు, గది, నాన్న ఫోటో, మామ్మగారింటికి వెళ్ళడం, వీటిల్లో ఏవి మారతాయో ఏవి మారవో చెప్పు. ఆ వయసు పిల్లలు అడిగేవి అవే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ‘విడిపోయారు’ అని రాశావు, విడాకులు అని రాయలేదు. కోర్టు డిక్రీ ఉందా? మన వైపు పెద్దమనుషులు కూర్చుని స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టించి ‘ఇంక ఎవరి దారి వారిది’ అనేస్తారు. ఆ కాగితంతో మామూలుగా పెళ్ళి రద్దు కాదు. డిక్రీ లేకపోతే 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం మీ పెళ్ళి చెల్లదు, పైగా అతని మీద కేసు కూడా అవుతుంది. సిగ్గుపడకుండా కాపీ అడిగి చూడు. కులాలు వేరైతే ఆ చట్టం కిందే చేసుకోవచ్చు. మతాలు వేరైతే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది, దానికి ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

ఫ్లాటు మీ ఆయన సొంత సంపాదనతో కొన్నదై, వీలునామా రాయకపోతే, నీకు, పాపకి, మీ అత్తగారికి సమాన వాటాలు వస్తాయి. మావగారికి ఆ వరసలో రాదు. నువ్వు మళ్ళీ పెళ్ళి చేసుకున్నావని నీ వాటా పోదు, ఎవరైనా పోతుందని బెదిరిస్తే నమ్మకు. పాప వాటా మాత్రం పాపదే, మైనరుగా ఉండగా అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. మీ ఆయన పీఎఫ్ తాలూకు పెన్షన్ నీకు వస్తుంటే, మళ్ళీ పెళ్ళితో నీ పేరున వచ్చేది ఆగిపోతుంది. అది లెక్కలో వేసుకో. అత్తగారికి ఈ సంగతి బయటివాళ్ళ నోట తెలియనివ్వకు, నువ్వే వెళ్ళి చెప్పు. కొడుకుని పోగొట్టుకున్న మనిషి, మనవరాలు కూడా దూరమవుతుందని ఆవిడ భయం. ఫ్లాటు గొడవలు చాలావరకు ఆ భయంలోంచే పుడతాయి. సెలవులకి పాప ఎవరి దగ్గర ఉంటుందో ముందే చెప్పేస్తే సగం గొడవ ఉండదు.

అన్నట్టు, నువ్వు ఉత్తరంలో ‘రెండో పెళ్ళి’ అన్న మాట ఎక్కడొచ్చినా చిన్న అక్షరాలతో రాశావు. వీరేశలింగం పంతులుగారు మన రాజమండ్రిలోనే 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించారు. అప్పుడు పెళ్ళివారి ఇంటికి నీళ్ళు మోయడానికి కూడా మనుషులు రాని రోజులు. నువ్వు మామూలు అక్షరాలతోనే రాయచ్చు.

ఇంతకీ నేను వద్దంటున్నానా? లేదమ్మా. నాకు అతని మీద మంచి అభిప్రాయమే కలిగింది, నిజానికి. పంటు ఎక్కడానికి కారణం అడగని మగాడు అరుదు. నీ కొంగు తీసిపెట్టి, దాని గురించి జోకు వెయ్యలేదని కూడా రాశావు, అది నేను గమనించాను. కానీ నువ్వు కాపురం చెయ్యాల్సింది లంకలో అయితే, లంకని నువ్వు ఇప్పటిదాకా గట్టు మీంచే చూశావు. ఈ మధ్యలో మామూలు ఆదివారం ఒకటి చూసుకుని వెళ్ళు, మీ అమ్మకి చెప్పే వెళ్ళు. రావులపాలెం గురించి అడుగు. ఫోన్లో కాదు, తోటలో, అతను పని చేసుకుంటుండగా. చేతిలో పనుంటే మగవాళ్ళు నిజం చెప్తారు. ఏం చెప్పాడో నాకు రాయక్కర్లేదు.

ఆ తర్వాత ఆగస్టు దాకా ఆగు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నీకు తెలిసినవే, టీవీలో విన్న అంకెల్లా తెలుసు. ఈసారి వాటిని అతని ఫోన్‌లోంచి విను. మొదటి హెచ్చరికకి ఏం చేస్తాడు, పశువుల్ని ఎప్పుడు గట్టెక్కిస్తాడు, తల్లిని ఎవరింట్లో దింపుతాడు, నీకు ఎన్నింటికి ఫోను చేస్తాడు, అసలు చేస్తాడా. అప్పుడు కూడా నీకు ఇలాగే అనిపిస్తే, నీరు తీసిన వారానికి, కాజ్‌వే తేలాక, రెండు రోజులు సెలవు పెట్టి వెళ్ళు. వాళ్ళమ్మగారితో కలిసి ఇల్లు కడుగు.

మంచి చెప్పులు మాత్రం వేసుకెళ్ళకు. పాతవి వేసుకో. ఆ ఒండ్రు ఒకసారి లాక్కుందంటే తిరిగివ్వదు.